"నల్లవాళ్ళకి ఇల్లివ్వం" అన్న ఓనరుగారూ నల్లగానే ఉన్నారు. ఇంతకీ ఏ దేశంలో ఎవరు నలుపు?

బ్రాడీపేట కుర్రాడు (గుంటూరు)
శనివారం, రాత్రి 9.40

మా కాలేజీలో నాతో పాటు ప్రాజెక్టు చేస్తున్న ఇద్దరు ఆఫ్రికా విద్యార్థులకి ఇల్లు వెతుకుతున్నాను. ఒకతనిది సూడాన్, ఇంకొకతనిది ఘానా. నంబూరు, పెదకాకాని, తాడేపల్లి అన్నీ తిరిగాం. టులెట్ బోర్డు ఉంటుంది. ఫోన్లో అడిగితే ఖాళీ ఉందంటారు. ముగ్గురం గేటు దగ్గరికి వెళ్ళేసరికి "అయ్యో, నిన్ననే ఎవరో అడ్వాన్సు ఇచ్చేశారు" అంటారు. ఒక ఓనరు మాత్రం దాచుకోలేదు. నన్ను పక్కకి పిలిచి "నల్లవాళ్ళకి ఇవ్వం బాబూ, ఇంట్లో ఆడపిల్లలున్నారు" అన్నాడు. ఆయన బనీను మీద అరుగున కూర్చుని ఉన్నాడు. మిర్చి యార్డులో వ్యాపారమట, జీవితమంతా ఎండలో తిరిగిన ఒళ్ళు. సూడాన్ అతని పక్కన నిలబెడితే ఇద్దరిలో ఎవరు నలుపో చెప్పడం కష్టం.

అసలు గొడవ తర్వాత టీ కొట్టు దగ్గర మొదలైంది. ఓనరు ఏమన్నాడో చెప్పాను. సూడాన్ అతనికి కోపం వచ్చింది, కానీ నేననుకున్నందుకు కాదు. "నేను నల్లవాణ్ణేంటి? నేను అరబ్బుని" అన్నాడు. ఘానా అతను పడీ పడీ నవ్వాడు. "ఖార్టూమ్‌లో నువ్వు అరబ్బువి, గుంటూరులో మాత్రం నాతోపాటే రోడ్డు మీదున్నావు" అన్నాడు. మాటా మాటా పెరిగి ఇద్దరూ ఇప్పుడు మాట్లాడుకోవడం లేదు.

ఒకే మనిషి ఒక దేశంలో నల్లవాడు, ఇంకో దేశంలో కాదు, ఇదెలా? తెలిసినవాళ్ళు చెప్పండి. ఇల్లు తెలిస్తే అదీ చెప్పండి.

కృష్ణలంక బాబాయ్ (విజయవాడ)
రాత్రి 9.58

ఇందులో బుర్ర బద్దలు కొట్టుకునేదేముంది? ఓనరు భయం రంగు చూసి కాదు, కొత్త మొహాలు చూసి. మన పెళ్ళికాని కుర్రాళ్ళకి మాత్రం ఎవరిస్తున్నారు ఇల్లు? మాంసం వండుతారంటే ఇవ్వరు, ఫలానా కులమంటే ఇవ్వరు. ప్రతిదానికీ రంగు పులమకండి.

స్వప్న_సత్యనారాయణపురం
రాత్రి 10.11

బాబాయ్ గారూ, మా అపార్ట్‌మెంట్‌లో ఒక ఫ్లాట్‌కి తెల్ల విదేశీయులు అద్దెకొచ్చారు. భార్యాభర్తలో కాదో ఎవరూ అడగలేదు. వాళ్ళూ కొత్త మొహాలే, వాళ్ళూ మాంసం తింటారు. అసోసియేషన్ సెక్రటరీ గారు దగ్గరుండి గ్యాస్ సిలిండర్ ఏర్పాటు చేశారు, పిల్లలంతా సెల్ఫీలకి క్యూ కట్టారు. అదే ఫ్లాట్ అడగడానికి అంతకుముందు టాంజానియా అమ్మాయిలు వస్తే వాచ్‌మన్ గేటు కూడా తియ్యలేదు.

తెనాలి మాస్టారు
రాత్రి 10.47

కుర్రాడి ప్రశ్నకి వస్తాను. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

సూడాన్ ఉత్తర భాగంలో, నైలు నది వెంబడి ఉండే చాలామంది తమని అరబ్బులుగానే చెప్పుకుంటారు. అక్కడి లెక్కలో ఒంటి రంగుది వెనక వరస. ఇంట్లో మాట అరబ్బీ అయి, తండ్రి వైపు వంశం ఒక అరబ్బు మూలపురుషుడి దాకా చెప్పుకోగలిగితే అరబ్బే. 19వ శతాబ్దంలో ఈజిప్టు పాలకుల సైన్యాలూ, వాళ్ళ వెనకే వర్తకులూ దక్షిణాదికి వెళ్ళి మనుషుల్ని పట్టుకొచ్చి అమ్మేవారు. ఆ కథ ఉన్నచోట ఒకణ్ణి నల్లవాడంటే "మీ తాత బానిస" అని మొహం మీద అన్నట్టే. మీ స్నేహితుడికి తగిలింది ఆ దెబ్బ. 2011లో దక్షిణ సూడాన్ వేరుపడటానికి చమురు, మతం, యుద్ధం అని చాలా కారణాలు రాస్తారు. ఈ చిన్నచూపుకీ అందులో వాటా ఉంది.

పక్కనే ఉన్న ఈజిప్టు నుంచి అమెరికా వలస వెళ్ళిన ఒక నూబియన్ (ఈజిప్టు దక్షిణాన నైలు ఒడ్డున ఉండే జాతివాడు) కథ ఇంకా విడ్డూరం. చూస్తే పూర్తిగా నల్లని మనిషి. కానీ అప్పటి అమెరికా ప్రభుత్వ నిర్వచనంలో ఉత్తర ఆఫ్రికా మూలాలున్నవాళ్ళు తెల్లవాళ్ళు. "నేను తెల్లవాణ్ణి కాదు మహాప్రభో, మార్చండి" అని 1997లో ఆయన ప్రభుత్వం మీద దావా వేశాడు. ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియా వాళ్ళకి ప్రభుత్వ ఫారాల్లో విడిగా గడి పెట్టాలని అక్కడ నిర్ణయం జరిగింది 2024లో.

డల్లాస్ వేణు (సొంతూరు పొన్నూరు)
ఆదివారం, ఉదయం 6.20

మాస్టారూ, మనవాళ్ళ కథ కూడా చెప్పాల్సింది. భగత్ సింగ్ థింద్ అని పంజాబీ. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. అప్పటి చట్టం ప్రకారం వలస వచ్చినవాళ్ళలో తెల్లవాళ్ళకీ, ఆఫ్రికా సంతతి వాళ్ళకీ తప్ప పౌరసత్వం లేదు. ఈయన "నేను ఆర్యుణ్ణి, శాస్త్రం ప్రకారం కాకేషియన్‌ని, కాబట్టి తెల్లవాణ్ణి" అని సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. 1923లో కోర్టు చెప్పిందేంటంటే, శాస్త్రం సంగతి అలా ఉంచు, వీధిలో మామూలు మనిషి నిన్ను తెల్లవాడని ఒప్పుకోడు, కాబట్టి కాదు. అప్పటికే పౌరసత్వం తెచ్చుకున్న భారతీయుల్లో కొందరిది వెనక్కి లాక్కున్నారు కూడా. ఆఫ్రికా సంతతి దారిలో వెళ్ళొచ్చు కదా అని ఆయన ప్రయత్నించలేదు చూడండి. అది ఎవరూ చెప్పకుండానే అందరికీ అర్థమైన విషయం!

జనగణనలో మన సంగతి మరీ కామెడీ. 1930, 1940ల్లో సిక్కులూ ముస్లిములూ అందరూ కలిపి "హిందూ" అనే జాతి. 1970లో మనం తెల్లవాళ్ళం. 1980 నుంచి ఏషియన్ ఇండియన్లం.

నల్లవాళ్ళకి మాత్రం ఇలా గడులు మారే వెసులుబాటు లేదు. ఒక్క చుక్క ఆఫ్రికా రక్తం ఉన్నా నల్లవాడే, ఇదీ రూలు. 1924లో వర్జీనియా రాష్ట్రం దీన్ని చట్టంగానే రాసుకుంది. తెల్లవాళ్ళు వేరేవాళ్ళని పెళ్ళి చేసుకోవడం నేరం అన్నది అదే చట్టం. సుప్రీంకోర్టు 1967లో గానీ కొట్టెయ్యలేదు. తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ వేర్వేరు రైలు పెట్టెలన్న చట్టం మీద పోరాడి 1896లో సుప్రీంకోర్టులో ఓడిన హోమర్ ప్లెసీకి ఎనిమిదింట ఒక వంతే ఆఫ్రికా రక్తం. చూస్తే తెల్లవాడే. అయినా తెల్లవాళ్ళ పెట్టెలో కూర్చోనివ్వలేదు.

కృష్ణలంక బాబాయ్
ఉదయం 7.05

అందుకే అమెరికాని పక్కన పెట్టమంటాను. బ్రెజిల్ చూడండి. ఫుట్‌బాల్ జట్టులో అన్ని రంగులవాళ్ళూ కలిసి ఆడతారు, ఎవడూ ఈ గోల పెట్టుకోడు.

వాహ్వా_నాని
ఉదయం 7.22

[ఈ వ్యాఖ్యని నిర్వాహకులు తొలగించారు]

నిర్వాహకుడు
ఉదయం 7.31

నానీ, ఇది రెండో హెచ్చరిక. క్రికెటర్ల రంగు మీద జోకులు ఇక్కడ వద్దు. మిగతావాళ్ళు కొనసాగించండి.

కంపినాస్ కిరణ్ (మంగళగిరి నుంచి బ్రెజిల్)
ఉదయం 8.15

బాబాయ్ గారూ, నేనుండేది అక్కడే, సావోపాలో పక్కన. ఫుట్‌బాల్‌లో కనిపించేది ఒకటి, బ్యాంకు మేనేజరు కుర్చీలో కనిపించేది ఇంకొకటి.

కానీ మీరన్నదాంట్లో కొంత నిజముంది. అమెరికాలో గీత ఒక్కటే, అటు లేదా ఇటు. ఇక్కడ మెట్లు. జనగణన వాళ్ళు వచ్చి మీ రంగు మీరే చెప్పండి అంటారు. బ్రాంకో అంటే తెలుపు, ప్రెతో అంటే నలుపు, మధ్యలో పార్దో, మన చామనచాయ అనుకోండి. పసుపు ఛాయ అని తూర్పు ఆసియా వాళ్ళకి ఒకటి, ఆదివాసులకి ఒకటి. 2022 జనగణనలో పార్దో అన్నవాళ్ళు 45.3 శాతం, తెల్లవాళ్ళం అన్నవాళ్ళు 43.5, నల్లవాళ్ళం అన్నవాళ్ళు 10.2. ఒకే తల్లిదండ్రుల పిల్లల్లో అన్న పార్దో, చెల్లెలు తెలుపు అయితే ఎవరూ ఆశ్చర్యపోరు. 1976లో ఒక సర్వేలో గడులు ఇవ్వకుండా "మీ రంగేంటి?" అని అడిగితే వందకి పైగా రకాల జవాబులొచ్చాయి.

ఇలా ఎందుకైందంటే, బానిసల ఓడలు ఎక్కువ దిగింది ఇక్కడే. సుమారు 48 లక్షల మందిని దించారు. అమెరికాలో నేరుగా దించింది 4 లక్షల లోపు. ఇక్కడ వలస వచ్చిన పోర్చుగీసువాళ్ళలో ఆడవాళ్ళు తక్కువ. పుట్టిన పిల్లల్లో ఎక్కువమంది మిశ్రమ సంతతి. అందులో ఎంత బలవంతం ఉందో చెప్పక్కర్లేదు. వాళ్ళందరినీ ఒక్క గీతకి అటు తోసేస్తే ఇటు మిగిలేది గుప్పెడు మంది. కాబట్టి మధ్య మెట్లు వాళ్ళకే అవసరమయ్యాయి. 1888లో బానిసత్వం పోయాక యూరప్ నుంచి లక్షల మందిని పిలిపించుకున్నారు, కొన్ని తరాల్లో దేశం తెల్లబడుతుందన్న ఆశతో. ఇది చాటుమాటు వ్యవహారం కూడా కాదు, పెద్దమనుషులు బాహాటంగా చెప్పిన విధానం.

తిరకాసు రిజర్వేషన్లతో వచ్చింది. 2012లో చట్టం వచ్చాక కేంద్ర విశ్వవిద్యాలయాల్లో సగం సీట్లు ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్ళకి, అందులో వాటా నల్లవాళ్ళకీ పార్దోలకీ ఆదివాసులకీ. ఇక అందరికీ తమ ముత్తవ్వ గుర్తొచ్చింది. దాంతో కమిటీలు పెట్టారు. ఎదురుగా నిలబెట్టి మొహం, జుట్టు, ముక్కు చూస్తారు. తాత ఫోటో పట్టుకెళ్ళినా చెల్లదు. వీధిలో పోలీసు నిన్ను చూసి ఏమనుకుంటాడు అన్నదే లెక్క. అంతకుముందు 2007లో బ్రెజీలియా విశ్వవిద్యాలయం ఫోటోలు చూసి తేల్చేది. అచ్చు ఒకేలా ఉండే కవలలు దరఖాస్తు చేస్తే ఒకణ్ణి నల్లవాడన్నారు, రెండోవాణ్ణి కాదన్నారు. మన తహసీల్దారు ఆఫీసులో కుల ధ్రువపత్రానికి తండ్రి కులమే ఆధారం. ఇక్కడ మొహమే ధ్రువపత్రం.

నా సంగతి అడిగితే, ఆఫీసులో నన్ను మొరేనో అంటారు. అది తెలుపు కాని ప్రతివాడికీ సరిపోయే మర్యాద మాట.

పేరెందుకులెండి (విజయవాడ)
ఉదయం 11.30

ఎవరూ మన ఇళ్ళ గురించి మాట్లాడటం లేదు. నాకు 29, బ్యాంకులో ఉద్యోగం. నా బయోడేటాలో చామనచాయ అని రాయించింది పెళ్ళిళ్ళ బ్రోకరే. "నలుపని రాస్తే ఫోను కూడా రాదమ్మా" అన్నాడు. ఒక పెళ్ళిచూపుల్లో అబ్బాయి మేనత్త వచ్చి పక్కన కూర్చుని, గాజులు బాగున్నాయంటూ నా చెయ్యి తీసుకుని తన చేతి పక్కన పెట్టుకుని చూసింది. ట్యూబ్‌లైట్ సరిగ్గా మా నెత్తి మీదే ఉంది. తర్వాత కబురొచ్చింది: "పిల్ల కళగానే ఉంది, రంగే కాస్త తక్కువ. ఇంకో అయిదు లక్షలు కలిపితే ఆలోచిస్తాం."

పై వ్యాఖ్యలు చదువుతుంటే నాకనిపించింది, మనది అమెరికా గీత కాదు, బ్రెజిల్ మెట్లే. పైగా ప్రతి మెట్టుకీ రేటు ఉంది. నా రంగుకి అయిదు లక్షలు కడితే లోపలికి రానిస్తారు. ఆ ఆఫ్రికా పిల్లలకి ఎంత అడ్వాన్సు ఇస్తామన్నా గేటు తెరవరు. అంటే వాళ్ళ విషయానికొచ్చేసరికి గీత కూడా గీస్తాం. ఓనరుగారు తన ఒంటిని ఎండకి కమిలిన ఒళ్ళు అనుకుంటాడు. వాళ్ళది పుట్టుక అనుకుంటాడు.

స్వప్న_సత్యనారాయణపురం
ఉదయం 11.41

అక్కా, ఆ మేనత్త మొహాన అయిదు లక్షల చెల్లని చెక్కు కొట్టాల్సింది.

పటమట డాక్టరమ్మ (చర్మవ్యాధులు)
మధ్యాహ్నం 1.50

ఆ మేనత్తల పుణ్యమా అని నా దగ్గరికి వచ్చేవాళ్ళ గురించి చెప్తాను. పెళ్ళి కుదిరే టైములో మందుల షాపులో అడిగి తెచ్చుకున్న క్రీము. లోపల మొమెటాసోన్ అనే స్టెరాయిడ్, హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్ మూడూ ఉంటాయి. మంగుకి కొన్ని వారాలు మేం రాసిచ్చే మందే ఇది. వీళ్ళు నెలల తరబడి పౌడరులా పూసుకుంటారు. మొదట్లో తెల్లబడినట్టే ఉంటుంది. తర్వాత చర్మం పలచబడి సన్న రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి, మొటిమలు లేస్తాయి, బుగ్గల మీద వెంట్రుకలు వస్తాయి. ఎండలోకి వెళ్తే మంట. మానేస్తే మొహమంతా ఎర్రగా పొంగుతుంది, దాంతో భయపడి మళ్ళీ పూస్తారు. 2018లో ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు చీటీ లేకుండా అమ్మకూడదని ప్రభుత్వం కట్టడి చేసింది. కౌంటర్లో ఎంత అమలవుతోందో మీకే తెలుసు.

పాదరసం కలిపిన క్రీములు ఇంకా ప్రమాదం, కిడ్నీలు దెబ్బతింటాయి. 2023లో కేరళ మలప్పురం జిల్లాలో కిడ్నీ జబ్బుతో వచ్చినవాళ్ళని ఆరా తీస్తే కొందరి విషయంలో ఊరూపేరూ లేని తెల్లబరిచే క్రీములే తేలాయి. ఈ పిచ్చి మనకొక్కళ్ళకే లేదు. నైజీరియా, ఘానాల్లో కూడా ఈ వ్యాపారం జోరుగా ఉంది, ఘానా హైడ్రోక్వినోన్ కలిపిన క్రీముల్ని నిషేధించింది కూడా. అందరూ నల్లవాళ్ళే ఉన్నచోట కూడా మెట్లు కట్టుకున్నారన్నమాట.

ఒంటి రంగు సంగతి ఇంకొక్క మాట. రంగునిచ్చే కణాలు అందరిలోనూ దాదాపు సమానమే. అవి తయారుచేసే మెలనిన్ ఎంత, ఏ రకం అన్నదాంట్లో తేడా. 2013లో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న అధ్యయనంలో తేలిందేంటంటే, ఎస్‌ఎల్‌సీ24ఏ5 అనే జన్యువులో రంగు తగ్గించే మార్పు యూరప్ వాళ్ళలోనూ మనలోనూ ఒకే పూర్వీకుల నుంచి వచ్చింది. అది ఇంట్లో ఒకరికి వచ్చి ఇంకొకరికి రాకపోవచ్చు. అన్న తెల్లగా, చెల్లి నల్లగా ఉండటంలో ఇలాంటి జన్యువుల పాత్ర ఉంది, కుంకుమపువ్వు పాలది ఏమీ లేదు.

రైల్వే సలీం (విజయవాడ)
సాయంత్రం 4.05

ఇన్నాళ్ళూ చదవడమే తప్ప రాయలేదు. మాది హైదరాబాద్ ఏసీ గార్డ్స్. ఏసీ అంటే చల్లని మెషీన్ అనుకునేవాళ్ళకి: ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, నిజాం గారి ఆఫ్రికా అశ్వదళం. మా ముత్తాతల్ని దాన్లోకి తెచ్చారు. మేం సిద్దీలం. మా పెళ్ళిళ్ళలో మర్ఫా వాయిస్తారు, బిర్యానీ పెడతారు.

ఏసీ గార్డ్స్‌లో నేను సలీం భాయ్‌ని. ఇక్కడ కాళేశ్వరరావు మార్కెట్‌లో వంకాయలు బేరమాడితే కొట్టువాడు నోరు తెరిచి "సార్‌కి తెలుగొచ్చే!" అంటాడు. డ్యూటీలో యూనిఫాం వేసుకుని నిలబడ్డా ఒక ప్రయాణికుడు "వేర్ ఆర్ యూ ఫ్రమ్?" అన్నాడు. మాసాబ్‌ట్యాంక్ పక్కన అన్నాను. నమ్మలేదు. డల్లాస్‌లో వేణు గారి పిల్లలు ఇంకో తరానికి అమెరికన్లే అయిపోతారు, మాకు ఇన్ని తరాలైనా పాస్‌పోర్టు అడుగుతారు.

కృష్ణలంక బాబాయ్
సాయంత్రం 4.30

సలీం గారూ, అడగటంలో దురుద్దేశం ఏముంటుందండీ? కొత్తగా కనిపిస్తే కుతూహలం. మా అన్న కొడుకు మణిపూర్ అమ్మాయిని చేసుకుంటే ఆ పిల్లనీ చైనానా అని అడుగుతారు.

రైల్వే సలీం
సాయంత్రం 4.38

ఆ అమ్మాయికి ఎలా ఉంటుందో ఒకసారి అడిగి చూడండి బాబాయ్.

డల్లాస్ వేణు
సాయంత్రం 6.00

నిర్వాహకుడు తొలగించిన జోకు నేను చూశాను. అదే రకం మాట గురించి 2020లో వెస్టిండీస్ క్రికెటర్ డారెన్ సామీ చెప్పాడు. హైదరాబాద్ ఐపీఎల్ జట్టులో ఆడినప్పుడు తననీ శ్రీలంక ఆటగాడు పెరీరానీ కాలూ (హిందీలో నల్లోడా) అని పిలిచేవారట. బలమైనవాడు అని మెచ్చుకుంటున్నారనుకుని వాళ్ళతో పాటు నవ్వేవాడట. అర్థం తెలిశాక కోపమొచ్చింది. మనవైపు సమర్థన ఏంటంటే, మా ఇళ్ళలో సొంత తమ్ముణ్ణి కూడా అలా పిలుచుకుంటాం అని. నిజమే, పిలుస్తాం. మా ఇంట్లో నల్లోడా అని పిలిపించుకున్న ఆ తమ్ముణ్ణి నేనే, ఒక్కరోజు కూడా ఇష్టంగా పలకలేదు.

బ్రాడీపేట కుర్రాడు
రాత్రి 8.20

అందరికీ థాంక్స్. మాస్టారి పోస్టు సూడాన్ అతనికి ఇంగ్లీషులో చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "బానిసల సంగతి మా బడి పుస్తకంలో లేదు" అన్నాడు.

ఘానా అతను ఇంకో సంగతి చెప్పాడు. కుమాసీలో ఉన్నంతకాలం తను నల్లవాణ్ణని ఎప్పుడూ అనుకోలేదట. అక్కడ తను అశాంతి తెగవాడు, పక్కింటివాళ్ళు ఎవే తెగ. గొడవలైనా పెళ్ళిళ్ళైనా ఆ లెక్కనే. 2019లో ఘానా ప్రభుత్వం అమెరికాలోని నల్లవాళ్ళని "మీ పుట్టింటికి రండి" అని ఏడాది పొడుగునా పిలిచింది. వాళ్ళు కన్నీళ్ళతో దిగితే మార్కెట్లో పిల్లలు వాళ్ళ వెంటపడి ఒబ్రూనీ అని అరిచారట. అది అక్కడ తెల్లవాళ్ళనీ పరదేశీయుల్నీ పిలిచే పేరు. అమెరికాలో వందల ఏళ్ళు నల్లవాళ్ళుగా బాధలు పడి, ఇక్కడికొచ్చి తెల్లవాళ్ళైపోయారు.

తెనాలి మాస్టారు
రాత్రి 9.02

అయితే హైతీ సంగతి కూడా వినండి. బానిసలు తిరగబడి ఫ్రాన్సుని ఓడించి కట్టుకున్న దేశం. 1805లో రాసుకున్న రాజ్యాంగంలో హైతీ పౌరులందరూ ఇకమీదట నల్లవాళ్ళనే పిలవబడతారని రాశారు. ఫ్రెంచి సైన్యంలో వచ్చి వీళ్ళ వైపు తిరిగిన పోలండ్ సైనికులు కొందరున్నారు. నీలికళ్ళవాళ్ళు. వాళ్ళకీ పౌరసత్వం ఇచ్చారు కాబట్టి చట్టం ప్రకారం వాళ్ళూ నల్లవాళ్ళే. అదే ద్వీపంలో మిగతా భాగం డొమినికన్ రిపబ్లిక్. అక్కడ నలుపంటే హైతీవాళ్ళది, తమది కాదు. గుర్తింపు కార్డుల మీద చాలాకాలం తమ రంగుని ఇండియో అని, అంటే అక్కడి ఆదివాసుల రంగని రాసుకున్నారు. 1937లో సరిహద్దులో వేలమంది హైతీయుల్ని నరికి చంపారు.

డర్బన్ రాఘవ (సొంతూరు రేపల్లె)
రాత్రి 10.15

దక్షిణాఫ్రికా ఎవరూ ఎత్తలేదేంటా అని చూస్తున్నా. ఇక్కడ మనవాళ్ళు 1860 నుంచి ఉన్నారు, చెరకు తోటల్లో కూలికి మద్రాసు ఓడల్లో వచ్చినవాళ్ళు. పక్కవీధిలో ఉండే నాయుడుగారికి తెలుగు రాదు, ఉగాది మాత్రం చేస్తాడు.

1950లో ఇక్కడ జనాభా నమోదు చట్టం పెట్టి ప్రతి మనిషికీ ఒక జాతి రాశారు. అనుమానం వస్తే జుట్టులో పెన్సిల్ గుచ్చేవారు. జారి పడితే ఒక జాతి, ఇరుక్కుంటే ఇంకో జాతి. అన్నదమ్ముల్ని వేర్వేరు పేటలకి పంపేశారు. 1991 దాకా ఉందా చట్టం. ఈ జాతి వివక్ష మీద పోరాడిన నల్లజాతి నాయకుడు స్టీవ్ బీకో తరం దీనికి ఎదురు తిరిగి, తెల్లవాళ్ళు అణచినవాళ్ళందరూ నల్లవాళ్ళే, భారతీయులు కూడా అంది. ఇంగ్లండులో కూడా ఆ రోజుల్లో అదే గాలి. లండన్ సౌతాల్‌లో ఎక్కువగా మన దక్షిణాసియా ఆడవాళ్ళు నడిపే సంఘం 1979లో పెట్టుకున్న పేరు సౌతాల్ బ్లాక్ సిస్టర్స్.

ఇప్పుడిక్కడ ఆర్థిక వాటాల చట్టంలో నల్లవాళ్ళంటే ఆఫ్రికన్లు, కలర్డ్‌లు (మిశ్రమ సంతతివాళ్ళు), భారతీయులు. 2008లో కోర్టు చైనావాళ్ళని కూడా కలిపింది. కానీ మా ఆఫీసులో జూలూ కుర్రాడి ముందు నాయుడుగారబ్బాయి "మేమూ నల్లవాళ్ళమే" అంటే వాడు పైనుంచి కిందికి చూస్తాడు. పాత రోజుల్లో భారతీయుల మెట్టు తమకన్నా పైన ఉండేదని వాళ్ళింట్లో ఎవరూ మర్చిపోలేదు.

కృష్ణలంక బాబాయ్
రాత్రి 10.24

అయితే రాఘవా, ఇప్పుడు ఇక్కణ్ణుంచి వచ్చి స్థిరపడినా ఆ వాటా వస్తుందా? మా మేనల్లుడు అక్కడికే చూస్తున్నాడు.

డర్బన్ రాఘవ
రాత్రి 10.31

రాదు బాబాయ్. 1994 ఏప్రిల్ 27కి ముందు పౌరులై ఉండాలి, లేదా అలాంటివాళ్ళ సంతానం కావాలి. నాకూ రాదు. నేనిక్కడ నలుపూ కాదు, తెలుపూ కాదు, ఉత్త వర్క్ పర్మిట్. మేనల్లుడికి వీసా కాగితాలు కావాలంటే విడిగా మెసేజ్ పెట్టమనండి, ఇక్కడ రాస్తే నిర్వాహకుడు ఊరుకోడు.